మాగ్నమ్ కొనబోయే అల్లుడికి

చిరంజీవి అల్లుడికి హ్యూస్టన్ నుంచి మీ మామ ఆశీర్వదించి వ్రాయునది.

మొన్న ఆదివారం అనంతపురం నుంచి అక్క, అదే మీ అమ్మ, ఫోన్ చేసి, "వాడు తుపాకి కొంటాడంటరా, నువ్వైనా ఒక మాట చెప్పు" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. నీకు గ్రీన్‌కార్డు వచ్చి మూడు నెలలు కూడా నిండలేదు, ఇంట్లో నాలుగేళ్ల పిల్లవాడు తిరుగుతున్నాడు, కాబట్టి ఆ మాట వినగానే నాకూ గుండె ఝల్లుమన్న మాట నిజమే. అయితే నీ తోటివాళ్లందరూ పిస్టళ్ల వెంట పడుతుంటే నీవు రివాల్వరే కావాలన్నావని, అందులోనూ పాత మోడళ్లు మేలా కొత్తవి మేలా అని మామను అడిగి చెప్పమన్నావని తెలిశాక, ఆ భయం పక్కనే కొంచెం గర్వం కూడా వచ్చి కూర్చుంది. ఈ ప్రశ్నకు ఫోనులో సమాధానం చెబితే నేను నిన్ను తిట్టడంతోనే సరిపోతుందని తోచి ఉత్తరం రాస్తున్నాను.

చట్టం సంగతి ముందుగా ముగిస్తాను. హెచ్-1బి వీసా మీద ఉన్నన్నాళ్లూ, వేట లైసెన్సు వంటి కొద్దిపాటి మినహాయింపులు తప్ప, ఈ దేశంలో తుపాకి దగ్గర ఉంచుకోవడమే ఫెడరల్ నేరం. నీకు ఆ అడ్డు తొలగింది కనుక లైసెన్సున్న డీలరు దగ్గర 4473 ఫారం నింపి, నీ పూర్వచరిత్ర తనిఖీ పూర్తయ్యాక, నీ పేరుతో నీ కోసమే కొనుక్కో. ఇంకా వీసా మీదే ఉన్న స్నేహితుడెవరైనా నీ పేరుతో ఒకటి కొనిపెట్టమని అడిగితే మొహమాటపడకు, దానికి జైలు ఉంది.

మీ తాత దగ్గర ఒక ఒంటిగొట్టం లైసెన్సు తుపాకి ఉండేది. శెనగచేలో అడవిపందులు పడినప్పుడు తప్ప అది గోడ దిగేది కాదు. ఎన్నికలొస్తే దాన్ని గోనెపట్టాలో చుట్టి, ఎద్దులబండిలో పోలీసుస్టేషనుకు తీసుకెళ్లి అప్పగించి, రసీదు పంచెకొంగున ముడివేసుకుని వచ్చేవాడు. ఆ రసీదును అవ్వ నగల కన్నా జాగ్రత్తగా దాచేవాడు. తుపాకి ఇంట్లో ఉంటే దాని లెక్క కూడా ఇంట్లో ఉండాలన్న సంగతి నాకు ఆయన దగ్గరే పట్టుబడింది. నీవు పుట్టేనాటికి ఆయన లేడు కనుక నేను చెబుతున్నాను.

ఇక నీ ప్రశ్నకు వస్తాను. .357 మాగ్నమ్ తూటాను స్మిత్ అండ్ వెసన్ 1935లో తెచ్చింది. .38 స్పెషల్ తూటా తొడుగునే ఇంచులో సుమారు ఎనిమిదో వంతు పొడిగించి చేశారు, ఎందుకంటే అంత బలమైన తూటా పాత .38 రివాల్వర్లలో దూరకూడదు. అందువల్ల .357 రివాల్వర్‌లో .38 స్పెషల్ కాల్చవచ్చు, అటుది ఇటు కుదరదు. ఆ తొలి రివాల్వర్లను కొనేవాడి కోరిక ప్రకారం ఒక్కొక్కటిగా తయారుచేసి, అతని పేరున రిజిస్టరు చేసి ఇచ్చేవారు. మొదటిది ఎఫ్‌బీఐ అధిపతి జె. ఎడ్గార్ హూవర్‌కు వెళ్లింది. ఆ వంశానికే తర్వాత మోడల్ 27 అని పేరు పెట్టారు. 1955లో ఈ రంగానికి మంచి పంట పండింది. కోల్ట్ పైథాన్, స్మిత్ కంబాట్ మాగ్నమ్, రూగర్ బ్లాక్‌హాక్ మూడూ ఆ ఏడాదే వచ్చాయి. నీవు మోజుపడుతున్న పాత పైథాన్, మోడల్ 19 రెండూ ఆ పంటవే. కంబాట్ మాగ్నమ్‌కే తర్వాత 19 అన్న అంకె వచ్చింది.

మోడల్ 19 చేతికి హాయిగా ఉంటుంది, నడుముకు బరువు కాదు. దానిలో ఒక మెలిక మాత్రం తెలుసుకోవాలి. చిన్న ఫ్రేములో ఇమడడం కోసం బ్యారెల్ (తుపాకి గొట్టం) వెనుక మొదలును, అంటే గుండు సిలిండర్ (తూటాల గదులున్న తిరిగే దిమ్మ) నుంచి దూకి ప్రవేశించే చోటును, అడుగున కొంచెం చదునుగా చెక్కారు. పోలీసులు 125 గ్రెయిన్ల (సుమారు ఎనిమిది గ్రాముల) తేలిక గుండ్లతో పూర్తి బలం మాగ్నమ్‌లను వందలకొద్దీ కాల్చడం మొదలుపెట్టాక, ఆ మంట దెబ్బకు సరిగ్గా ఆ పలుచని చోటే కొన్ని చిట్లాయి. అందుకే 1980-81లో కొంచెం పెద్ద ఫ్రేముతో స్మిత్ మోడళ్లు 586, 686 వచ్చాయి. పాత 19 కొంటే ఏ తూటా ఎంత కాల్చాలన్న నియమం పెట్టుకోవాలి. నియమం పెట్టుకునే ఓపిక నీకు ఉందని నేను అనుకోను, కోపం తెచ్చుకోకు.

పాత పైథాన్ నీలి మెరుగును చూస్తే నాకు ఇప్పటికీ మాట ఆగిపోతుంది. అంతటి పనితనాన్ని చేతులతో రుద్ది రుద్ది తీసుకొచ్చారు. దాని యంత్రంలో సిలిండర్‌ను తిప్పే చెయ్యే కాల్చే క్షణంలో దాన్ని బిగించి పట్టుకుంటుంది, అందుకే ఇనుప బీరువా తలుపులా కదలకుండా నిలుస్తుంది. ఆ కారణం చేతనే కొన్నేళ్లకు అది అరుగుతుంది కూడా. సరిచేయగల పాతకాలపు పనివాళ్లు ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే ఉన్నారు. 2005లో ఆ తయారీ ఆగింది. 2020లో స్టెయిన్‌లెస్ స్టీలుతో, లోపలి యంత్రాన్ని తక్కువ భాగాలతో సరళం చేసి మళ్లీ తెచ్చారు. అలా వచ్చిన కొత్తదానికి మొదట్లో ఆ పాత నీలం లేదు, కానీ రోజూ కాల్చుకునేవాడికి కొత్తదే దృఢమైనదని నా అభిప్రాయం.

ఇక్కడే నేను చేసిన పని నీకు చెప్పాలి. దీన్ని మీ అమ్మకు కూడా చెప్పలేదు.

అది 1983. నేను చమురు బావుల వాల్వులు తయారుచేసే ఒక కర్మాగారంలో తనిఖీ విభాగంలో పనిచేసేవాణ్ణి. ఇంచులో వెయ్యో వంతు తేడా వచ్చినా ముక్కను పక్కన పారేసే ఉద్యోగం అది. ఒక శనివారం తుపాకుల సంతకు వెళ్లి, ఒక పెద్దాయన బల్ల మీద ఆరంగుళాల బ్యారెల్ ఉన్న పాత .357 చూశాను. ఏ కంపెనీదో రాయను, తప్పు కంపెనీది కాదు, నాది. ఆ నీలం కొలనులో నీళ్లలా ఉంది. పెద్దాయన దాన్ని నా చేతికిచ్చాడు. నేను హామర్‌ను, అంటే తూటాను పేల్చే వెనుక సుత్తిని, ఒక్కసారి వెనక్కి లాగాను, సిలిండర్ తిరిగి టక్కుమని నిలిచింది. ఒక్క గదినే చూశాను, మిగిలిన ఐదింటినీ చూడలేదు. బ్యారెల్‌కూ సిలిండర్‌కూ మధ్య సందు కొలవలేదు. సన్నని సందులు కొలిచే ఫీలర్ గేజ్ నా చొక్కా జేబులోనే ఉంది, అది పొరపాటున కర్మాగారం నుంచి నాతో వచ్చేసింది. ఒక నెల అద్దె డబ్బు పెట్టి దాన్ని ఇంటికి తెచ్చుకున్నాను. పైన పటారం, లోన లొటారం అని అవ్వ అనేది, ఆ మాట నాకు ఆ రోజు గుర్తు రాలేదు.

మరుసటి ఆదివారం ఊరి బయట ఒక మిత్రుడి పొలానికి వెళ్లాం. మీ అత్త పులిహోర కలిపి తెచ్చింది. చెవుల్లో దూది పెట్టుకుని, నాకు కుడిపక్కన రెండడుగుల దూరంలో నిలబడింది. కళ్లద్దాలు నాకు ఒక్కడికే ఉన్నాయి. గుండు ముందుకు పోతుంది కదా, పక్కన నిలబడ్డవాళ్లకు అద్దాలెందుకు అనుకున్నాను. రివాల్వర్ సంగతి తెలిసినవాడెవడూ అలా అనుకోడు. సిలిండర్‌కూ బ్యారెల్‌కూ మధ్య సందు ఎప్పుడూ ఉంటుంది, దానిలోంచి మంటా పొగా ప్రతిసారీ పక్కలకు చిమ్ముతాయి. ఇక గది బ్యారెల్‌తో వరసకు రాకుండా నిలిస్తే, గుండు అంచు బ్యారెల్ మూలకు తగిలి చెక్కుడు పడి, ఆ సీసపు పెచ్చు కూడా ఆ సందులోంచే బయటికి వస్తుంది. మూడు తూటాలు బాగానే పోయాయి. నాలుగో దానికి మీ అత్త చెంప పట్టుకుని కూర్చుండిపోయింది. కంటికి వేలెడు కింద, గోరుముక్కంత సీసం దిగింది. రక్తం పులిహోర డబ్బా మూత మీద పడింది.

ఆసుపత్రిలో ముక్క తీసి రెండు కుట్లు వేశారు. తిరుగుదారిలో నలభై మైళ్లు ఆమె ఒక్క మాట మాట్లాడలేదు. ఇంటి ముందు కారు ఆపాక నా జేబులోని గేజ్ వైపు చూసి, "మీ కొలతలన్నీ వాల్వులకేనా?" అని మాత్రం అడిగి లోపలికి వెళ్లిపోయింది. సోమవారం దాన్ని కొలిచాను, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్లు. సందు ఇంచులో వెయ్యింట 12 వంతులు ఉంది. ఆరు గదుల్లో రెండు పూర్తిగా వరసకు రాకముందే హామర్ పడుతోంది. సంతలో నేను చూసిన ఆ ఒక్క గదీ మంచిదే. తర్వాత ఒక తుపాకుల మెకానిక్కుకు లోపం చెప్పి, అడిగినంతకు ఇచ్చేశాను. మీ అత్త చెంప మీద ఉన్న చిన్న మచ్చను నీవు చిన్నప్పుడు మొటిమ అనుకుని అడిగావు, ఆమె నవ్వి ఊరుకుంది. అది అదే.

కాబట్టి పాతది ఏదైనా చేతికి తీసుకుంటే, యజమాని అనుమతితో సిలిండర్ తెరిచి, ఖాళీగా ఉందని కంటితోనూ వేలితోనూ చూడు. తర్వాత సిలిండర్ మీద బొటనవేలు తేలికగా ఆనించి, హామర్‌ను నెమ్మదిగా, చాలా నెమ్మదిగా వెనక్కి లాగు. అది పూర్తిగా వెనక్కి చేరేలోపే కింది బోల్టు సిలిండర్‌ను పట్టి నిలపాలి. దీన్ని ఆరు గదులకూ ఆరుసార్లు చెయ్యి. అమ్మేవాడు విసుక్కుంటే విసుక్కోనీ, నీవు నా పేరు చెప్పుకుని ఇంకోసారి చెయ్యి. సిలిండర్ ముందుకూ వెనక్కూ ఊగకూడదు. సందు ఇంచులో వెయ్యింట 10 వంతులు దాటితే తిరిగి ఇచ్చెయ్యి, 4 నుంచి 8 మధ్య ఉంటే సంతోషం. స్మిత్‌లలో పక్కకు ఇసుమంత కదలిక సహజం, దానికి బెదరకు. బ్యారెల్ మొదలు అడుగున చిన్న టార్చి వేసి పగులు వెతుకు. స్క్రూల తలలు చెదిరి ఉంటే ఎవరో లోపల చెయ్యి పెట్టారని అర్థం. ట్రిగ్గర్ తేలికచేస్తానని ఇంట్లో స్ప్రింగులు కత్తిరించేవాళ్లు ఈ దేశంలో చాలామంది ఉన్నారు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడే రకం వైద్యం అది.

సినిమాల్లోలాగా సిలిండర్‌ను మణికట్టు విసురుతో మూయకు. దాని కీలు వంగితే నేను చెప్పిన కొలతలన్నీ చెడిపోతాయి. నీవు అలా చేస్తుండగా నా కంటపడితే మాత్రం ఆ రోజు నీకు మా ఇంట్లో భోజనం లేదు.

2001 నుంచి వచ్చిన చాలా స్మిత్‌లలో సిలిండర్ మీట పైన చిన్న తాళపు రంధ్రం ఉంటుంది. పాతకాపులు దాన్ని చూసి మొహం తిప్పుకుంటారు. చూడ్డానికి అది నాకూ నచ్చదు, కానీ అది లేదన్న ఒక్క కారణానికి వందల డాలర్లు అదనంగా పోయడం తెలివి కాదు. ఆ తాళం ఉంది కదా అని పెట్టెలో పెట్టకుండా వదిలేస్తే అది మరీ తెలివితక్కువ. తూటాలున్న తుపాకిని జాగ్రత్త చేయకుండా వదిలి, అది 17 ఏళ్లలోపు పిల్లల చేతికి చిక్కితే టెక్సాస్‌లో అది నేరం. నీ పిల్లవాడు బీరువా ఎక్కి బెల్లం డబ్బా తీసినవాడు. ఇనుపపెట్టె నేలకు బోల్టులతో బిగించాకే తుపాకి ఇంటికి రావాలి. తూటాలు వేరే పెట్టెలో ఉండాలి. తాళంచెవి నీ దగ్గరా అమ్మాయి దగ్గరా తప్ప మూడోచోట ఉండకూడదు.

నా తీర్పు అడిగావు కనుక చెబుతున్నాను. మొదటి రివాల్వర్‌గా నాలుగంగుళాల 686 గానీ, రూగర్ జీపీ100 గానీ తీసుకో. రెండూ 40 ఔన్సులకు అటూ ఇటూ, అంటే కిలో దాటి బరువుంటాయి, ఆ బరువే నీ మణికట్టును కాపాడుతుంది. 12 ఔన్సుల తేలిక మాగ్నమ్‌లు కూడా అమ్ముతారు, వాటిని అమ్మేవాడి చేతికే తిరిగి ఇచ్చి రా. మొదటి ఆరు నెలలు .38 స్పెషల్‌లే కాల్చు. అయితే ప్రతిసారీ గదులను బ్రష్షుతో శుభ్రం చెయ్యి, లేకపోతే పొట్టి తొడుగు ముందు మసి వలయంలా పేరుకుని, తర్వాత మాగ్నమ్ తూటా సరిగ్గా కూర్చోదు. .44 మాగ్నమ్ గురించి అడిగినట్లు అక్క అంది. ఎలుగుబంట్లు తిరిగే చోట ఇల్లు కొన్నప్పుడు ఆలోచిద్దాం. పాత పైథాన్‌ను, చేతులు కుదిరి కళ్లు చల్లబడ్డాక, మనం ఇద్దరం కలిసి వెతుకుదాం.

ఒక్క సంగతి మరవకు. కాల్పులకు వాడే సంచిని ఇండియా ప్రయాణానికి ఎన్నడూ వాడకు. అడుగు మూలలో మరిచిపోయిన ఒక్క తూటా దొరికినా అక్కడి విమానాశ్రయంలో ఆయుధాల చట్టం కింద కేసు పెడతారు, అక్క బయట పూలదండ పట్టుకుని నిలబడి ఉంటుంది.

నాకు ఇష్టమైనది ఏదని అడిగావట. 1954 నుంచి 1986 వరకు చేసిన మోడల్ 28, హైవే పెట్రోల్‌మన్. మోడల్ 27కు సొంత తమ్ముడు, మెరుగు మాత్రం పెట్టలేదు, పోలీసులకు చవగ్గా అందాలని మొద్దుగానే వదిలారు. నా దాని నీలం అంచుల్లో పోయి తెల్లబడింది. కొనే ముందు ఆరు గదులనూ మీ అత్తే పట్టుకుని చూసింది, గేజ్ కూడా ఆమె చేతిలోనే ఉంది.

వచ్చే నెల రెండో శనివారం ఫ్రిస్కో నుంచి పొద్దున్నే బయలుదేరి రా, నా దానితోనే నేర్చుకుందువు గాని. అమ్మాయి కూడా వస్తానంటే తీసుకురా, పిల్లవాణ్ణి మీ అత్త చూసుకుంటుంది. చెవులకు మఫ్‌లు నా దగ్గర ఉన్నాయి. కళ్లద్దాలు మాత్రం పక్కలు కూడా మూసేవి చూసి కొను, నీకొక జత, అమ్మాయికొక జత.

ఇట్లు,
మీ మామ