కట్నం ప్లాటు, జర్మనీ సీటు: నాన్నకు ఎలా చెప్పాలి?

ప్రశ్న: మేడమ్, నాకు 22 ఏళ్లు. మాది నల్గొండ జిల్లా మర్రిగూడ వైపు ఒక ఊరు. నాన్నకు నాలుగెకరాల బత్తాయి తోట ఉంది. అక్క పెళ్లయింది. నేను హైదరాబాద్‌లో హాస్టల్‌లో ఉండి సివిల్‌లో బీటెక్ పూర్తి చేశాను. మూడో ఏడాది నుంచే ఇంట్లో తెలియకుండా జర్మన్ నేర్చుకున్నాను, ఏ2 (రెండో మెట్టు) అయింది. ట్యూషన్లు చెప్పిన డబ్బుతో ఏపీఎస్ సర్టిఫికెట్ (జర్మనీ వీసా కోసం మన డిగ్రీ అసలైనదేనని చూపే కాగితం) కూడా తెప్పించుకున్నాను. ఇప్పుడు జర్మనీలోని ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో నీటి ఇంజనీరింగ్ మాస్టర్స్‌కు సీటు వచ్చింది, అక్టోబరులో క్లాసులు. ఇంట్లో వాళ్లు నేను ఉద్యోగం కోచింగ్‌లో ఉన్నాననుకుంటున్నారు. ఇంతలో మిర్యాలగూడ సంబంధం వచ్చింది. అబ్బాయి అమెరికాలో ఎమ్మెస్ చేసి ఓపీటీ (చదువయ్యాక స్టూడెంట్ వీసా మీదే కొంతకాలం పనిచేసే అనుమతి) మీద ఉద్యోగం చేస్తున్నాడు. "పెళ్లి చేసుకుని పోతే అక్కడే చదువుకోవచ్చు, ఖర్చు కూడా వాళ్లదే" అని మా బావ నాన్నను ఒప్పించాడు. నా పెళ్లి కోసమని నల్గొండ శివార్లలో కొన్న 200 గజాల ప్లాటు కట్నం కింద ఇస్తామన్నారట. ఆ ప్లాటు నా కోసమే అయినప్పుడు దాన్ని బ్యాంకులో పెట్టి చదివించమని అడిగే హక్కు నాకు లేదా? అడిగినా ఒప్పుకోరు. మా ఫ్రెండ్ వాళ్లన్నయ్య డబ్బు సర్దుతానన్నాడు. చెప్పకుండా వెళ్లిపోయి, చేరాక ఫోన్ చేస్తే సరిపోదా?

జవాబు: బిడ్డా, నీ చివరి ప్రశ్నకే ముందు జవాబు చెప్తాను. చెప్పకుండా వెళ్లొద్దు. నీకు నీతులు చెప్పే ఉద్దేశం నాకు లేదు, అసలు అది కుదిరే పనే కాదు. జర్మనీ స్టూడెంట్ వీసాకు ఏడాది ఖర్చు కింద 11,904 యూరోలు మామూలుగా బ్లాక్డ్ అకౌంట్‌లో, అంటే నెలకు ఇంతే అని బయటికి వచ్చే ఖాతాలో వేసి చూపించాలి, నీకు తెలిసిందే. యూరో వంద రూపాయల లెక్కన వేసుకున్నా అది పన్నెండు లక్షలు. ఫ్రెండ్ వాళ్లన్నయ్య పన్నెండు లక్షలు ఏం చూసుకుని ఇస్తాడు, ఏ కాగితం మీద సంతకం పెట్టించుకుంటాడు, వాళ్లింట్లో తెలుసా? ఈ సంగతి మీ ఊరు చేరేసరికి "ఎవరో పిలగాడు డబ్బిచ్చి పంపిండట" అయిపోతుంది, నీ సీటు ఊసు ఎవరూ ఎత్తరు. పోనీ బ్యాంకుకు వెళ్దామంటే అక్కడ కో అప్లికెంట్ సంతకం, అంటే నీతో పాటు అప్పుకు పూచీ పడేవాళ్ల సంతకం అడుగుతారు, మీ ఇంట్లో ఆ సంతకం పెట్టాల్సింది నాన్నే. ఎటు తిరిగినా తోట గట్టు మీదికే రావాలి నువ్వు.

ఇక అసలు విషయం. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నువ్వు రెండు వేరు వేరు సంగతులను ఒకే మూటలో కట్టేశావు. ఒకటి, ఈ పెళ్లి వద్దు. రెండు, ఈ చదువు కావాలి. నాన్న ముందు ఆ మూట అలాగే పడేస్తే ఆయనకు కనపడేది మొదటిదొక్కటే, "పెళ్లి తప్పించుకోవడానికి జర్మనీ అంటోంది" అనుకుంటాడు, బావ కూడా అదే మాట అందిస్తాడు. నిజానికి నాకూ ఆ అనుమానం వచ్చింది, దాచడం ఎందుకు. నా దగ్గరికి వచ్చే అమ్మాయిల్లో కొందరికి విదేశీ చదువు అంటే ఇంట్లోంచి బయటపడే ఒక తలుపు, అంతే. అది తప్పని అనను గానీ, ఆ తలుపు దాటాక రెండేళ్ల చదువు ఉంటుంది, దాన్ని ఇష్టం లేకుండా లాగడం నరకం. నీ సంగతి వేరని నువ్వు రాసినదాంట్లోనే ఉంది. జర్మన్ క్లాసుకు వెళ్లింది మూడో ఏడాదిలో, మిర్యాలగూడ సంబంధం వచ్చింది ఇప్పుడు. అంటే ఈ కోరిక పెళ్లికి భయపడి పుట్టింది కాదు. ఆ వరుస నాన్నకు తెలియాలి. అందుకే ముందు చదువు సంగతి మాట్లాడు. సంబంధం సంగతి ఆయన ఎత్తితే అప్పుడు మాట్లాడు.

ఎత్తుతాడనుకో. "పెళ్లి చేసుకుని అక్కడే చదువుకో" అనే మాటకు కోపంతో జవాబివ్వొద్దు, వివరం అడుగు. ఆ అబ్బాయి ఓపీటీ మీద ఉన్నాడంటే ఇంకా స్టూడెంట్ వీసా కిందే ఉన్నట్టు. ఇప్పుడు పెళ్లయితే నువ్వు వెళ్లేది ఎఫ్2 మీద, అంటే స్టూడెంట్ భార్యకిచ్చే వీసా మీద. ఎఫ్2 మీద ఉద్యోగం చేయడానికి వీల్లేదు, డిగ్రీ కోర్సు ఫుల్‌టైమ్ చదవడానికీ వీల్లేదు, ఏదైనా కాలేజీలో ఒకటో రెండో సబ్జెక్టులు పార్ట్‌టైమ్‌గా చదవొచ్చు, అంతే. ఫుల్‌టైమ్ చదవాలంటే నీకు విడిగా సీటు రావాలి, ఫీజు కట్టాలి, స్టూడెంట్ వీసా ఎఫ్1కు మారాలి. ఆ అబ్బాయికి ఓపీటీ ఒక ఏడాది, సైన్సు, ఇంజనీరింగ్ లాంటి స్టెమ్ కోర్సయితే ఇంకో రెండేళ్లు. ఆ లోపు ఉద్యోగ వీసా హెచ్1బీ లాటరీలో పేరు రావాలి. వచ్చిందే అనుకుందాం, నువ్వు అతని భార్యగా హెచ్4 వీసా మీద ఉంటావు, చదువుకోవచ్చు గానీ ఉద్యోగానికి మళ్లీ వేరే షరతులు. అబ్బాయి మంచివాడే అయ్యుండొచ్చు, వాళ్ల అమ్మానాన్నలు మనసులో ఏ కల్మషం లేకుండానే ఆ మాట అని ఉండొచ్చు. కానీ "చదివిస్తాం" అన్నవాళ్లను ఏ వీసా మీద, ఏ ఏడాది, ఫీజు ఎవరు కడతారు అని అడగడం తప్పు కాదు కదా. ఈ మూడూ నాన్న చేతే అడిగించు. నువ్వడిగితే పొగరంటారు, ఆయన అడిగితే జాగ్రత్త అంటారు. మన దగ్గర అంతే, ఏం చేస్తాం.

ఇప్పుడు ప్లాటు. హక్కు అని రాశావే, ముందు ఆ ప్లాటు ఎవరి పేరున రిజిస్ట్రేషన్ అయిందో చూడు. నీ పేరున ఉంటే అది నీదే. నాన్న తన కష్టార్జితంతో తన పేరున కొని ఉంటే మాత్రం ఆయన ఉన్నంతకాలం అది ఆయనది, ఎవరి కోసం కొన్నాడన్నది లెక్కలోకి రాదు. కట్నం ఇవ్వడం, తీసుకోవడం రెండూ 1961 నుంచి నేరమే అని కూడా నాన్నతో వాదించొచ్చు, వాదనలో నువ్వే గెలుస్తావు, కానీ సంతకం రాదు. ఎండలో నిలబడి బత్తాయిలు అమ్మి గజం గజం కూడబెట్టిన మనిషి దగ్గర "నా వాటా" అని మొదలుపెట్టకు. "కొడుక్కి అయితే పెట్టేవాడివి కదా" అని కూడా అనకు, అది నిజమే అయినా సరే.

హక్కు మాట అలా ఉంచి లెక్క మాట పట్టుకో. ప్రభుత్వ బ్యాంకులు ఏడున్నర లక్షలు దాటిన విద్యా రుణానికి మామూలుగా ఆస్తి తాకట్టు అడుగుతాయి. తోట పెడదామంటే తీసుకోవడానికి వెనకాడతాయి, ఎందుకంటే బ్యాంకులు బాకీ వసూలుకు వాడే సర్ఫేసీ చట్టం కింద వ్యవసాయ భూమిని జప్తు చేయడానికి వీల్లేదు. ఒక రకంగా ఇది నీకు మంచి వార్త, నాన్నకు మరీ మంచి వార్త, "తోట తాకట్టు పెట్టక్కర్లేదు" అని ధైర్యంగా చెప్పొచ్చు. ప్లాటయితే పనికొస్తుంది, కానీ అది గ్రామ పంచాయతీ లేఅవుటా, అనుమతి ఉన్నదా అని చూస్తారు. 2020లో వెయ్యి రూపాయలు కట్టి ఎల్ఆర్ఎస్‌కు (అనుమతి లేని లేఅవుట్లను క్రమబద్ధం చేసే పథకానికి) అప్లై చేసి అలాగే వదిలేసిన ప్లాట్లు మన శివార్లలో లెక్కలేనన్ని. నాన్నదీ అదే కథ అయితే ముందు ఆ పని తేలాలి, దానికే వారాలు పట్టొచ్చు, కాబట్టి ఈ వారమే కాగితాలు బయటికి తీయించు. విదేశీ చదువుకయితే బ్యాంకులు మామూలుగా ఖర్చులో పదిహేను శాతం మనల్నే పెట్టుకోమంటాయి, అదీ లెక్కలో వేసుకో.

పదిహేను లక్షలు తీసుకుని పది శాతం వడ్డీ అనుకుంటే నువ్వు చదువుతుండగానే నెలకు పన్నెండున్నర వేలు వడ్డీ అవుతుంది. అసలు తర్వాత కట్టొచ్చు, వడ్డీ మాత్రం మొదటి నెల నుంచే పెరుగుతుంది. ఈ అంకెను దాచొద్దు. జర్మనీలో చాలాచోట్ల ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ట్యూషన్ ఫీజు లేదు, సెమిస్టర్ చందా ఉంటుంది. కానీ బాడెన్ వుర్టెంబెర్గ్ రాష్ట్రంలో అయితే మనలాంటి వాళ్ల దగ్గర సెమిస్టర్‌కు 1,500 యూరోలు తీసుకుంటారు, నీ సీటు ఎక్కడో నువ్వు రాయలేదు, చూసుకో. నెలనెలా ఇన్సూరెన్స్ విడిగా. బ్లాక్డ్ అకౌంట్‌లోంచి నెలకు 992 యూరోలు వస్తాయి, గది అద్దెకే అందులో పెద్ద ముక్క పోతుంది. రెండో ఏడాది డబ్బు ఎక్కడిది అని నాన్న అడుగుతాడు, రైతు కదా, మొదటి పంట గురించి కాదు రెండో పంట గురించే అడుగుతాడు. స్టూడెంట్లు ఏడాదికి 140 పూర్తి రోజులు పనిచేయొచ్చన్నది నిజం. అయితే ఏ2 జర్మన్‌తో దిగగానే పని దొరుకుతుందని లెక్క కట్టకు, మొదటి ఆరు నెలల ఆదాయం సున్నా అని రాసుకో. కోర్సు ఇంగ్లిష్‌లో ఉన్నా దుకాణంలో, ఆఫీసులో, ఉద్యోగంలో మాట్లాడేది జర్మనే. చదువు అయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి పద్దెనిమిది నెలలు ఇస్తారు, అది మాత్రం పెద్ద ఊరట.

మన రాష్ట్ర ప్రభుత్వం ఓవర్సీస్ విద్యానిధి సంగతి నీకు తెలుసా? బీసీలకు మహాత్మా జ్యోతిబా ఫూలే పేరుతో, ఎస్సీ ఎస్టీలకు అంబేడ్కర్ పేరుతో, మైనారిటీలకు విడిగా ఉంది. ఇరవై లక్షల దాకా ఇస్తారు, కుటుంబ ఆదాయం ఏడాదికి ఐదు లక్షలు దాటకూడదు, డిగ్రీలో అరవై శాతం ఉండాలి, ప్రభుత్వ వెబ్‌సైట్ ఈపాస్‌లో అప్లై చేయాలి. నీది ఏ వర్గమో రాయలేదు, ఏదైనా సరే, నోటిఫికేషన్‌లో జర్మనీ పేరు, నీ కోర్సు ఉన్నాయో చూసుకో. అయితే దీని మీదే ఆశ పెట్టుకుని కూర్చోకు. అందరికీ రాదు, వచ్చినా డబ్బు నువ్వు అక్కడ దిగాక విడతలుగా పడేది. వీసా కోసం చూపించే పన్నెండు లక్షలకు అది అక్కరకు రాదు. వస్తే అప్పు తీర్చుకోవచ్చు, అలా అనుకో.

ఇన్ని లెక్కలు చెప్పాను గానీ నాన్న భయం లెక్కల్లో లేదు. నేను నల్గొండ ఎన్జీ కాలేజీలో డిగ్రీ చదివి పీజీకి ఉస్మానియాకు పోతానంటే మా నాయన నాలుగు రోజులు అన్నం సరిగా తినలేదు. "అంత దూరం ఆడపిల్లనా" అని. నల్గొండ నుంచి హైదరాబాద్ వంద కిలోమీటర్లు! ఆయన భయం కిలోమీటర్లు కాదని నాకు చాలా ఏళ్లకు అర్థమైంది, తిరిగొచ్చేసరికి నాకు వయసు దాటిపోతుందని, నలుగురూ నాలుగు మాటలంటే తను జవాబు చెప్పలేనని. మా అమ్మమ్మది దేవరకద్ర వైపు. అక్కడి నుంచి ఆడా మగా పసిపిల్లలతో సహా బొంబాయికి, పుణెకు మట్టి పనికి పోయేవాళ్లు, ఆ ఆడవాళ్లను చూసి అంత దూరమెందుకని ఎవరూ అడ్డం పడలేదు. చదువుకు పోతానంటేనే అందరికీ దూరం గుర్తొస్తుంది. ఇది నీకు చెప్తున్నాను, నాన్నకు చెప్పమని కాదు.

ముందు అమ్మకు చెప్పు. రేపు గొడవ జరిగితే "నీకు తెలిసే ఉంటది" అని మొదట మాట పడేది ఆమే, కాబట్టి నిజంగా తెలిసి ఉండటం ఆమెకు న్యాయం. తర్వాత నాన్నతో, ఇంట్లో కాదు, బావ ఉన్నప్పుడు అసలే కాదు. పొద్దున్నే తోటలో డ్రిప్పు పైపులు చూసుకునే టైముకు నువ్వూ వెళ్లు. మొదటి మాట నీ తప్పుతో మొదలుపెట్టు: "నాయినా, రెండేండ్ల సంది నీకు చెప్పకుండ ఒక పని చేస్తున్న, కోపం చెయ్యి, కానీ మొత్తం విన్నంక చెయ్యి." దాచినందుకు ఆయన తిడతాడు, పడు. కోచింగ్ అని అబద్ధం చెప్పింది నువ్వే కదా. నీ సొంత డబ్బుతో ఏపీఎస్ తెప్పించుకున్నావని తెలిస్తే ఆ తిట్టులోనే కొంచెం గర్వం వినపడుతుంది చూడు, పైకి అనకపోవచ్చు.

నీటి ఇంజనీరింగే ఎందుకో మాత్రం నువ్వు నాకు ఒక్క ముక్క రాయలేదు. మర్రిగూడ వైపు పుట్టినదానివి, నేను అడగక్కర్లేదేమో. ఫ్లోరైడ్ నీళ్లకు నడుములు వంగిపోయినవాళ్లను చూస్తూ పెరిగి ఉంటావు. పటిక, సున్నంతో ఆ ఫ్లోరైడ్ తీసే పద్ధతిని నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి తయారు చేసింది, దానికి ప్రపంచమంతా వాడే పేరు నల్గొండ టెక్నిక్. నీ కోర్సు పుస్తకాల్లో మన ఊరి పేరు కనపడుతుంది, ఆఫ్రికాలో దాన్ని వాడి చూసినవాళ్ల పేపర్లూ ఉంటాయి. నాన్నకు మాస్టర్స్, క్రెడిట్లు, సెమిస్టర్లు వివరించకు. మీ ఇంట్లో మోకాళ్లు ఎవరికి పట్టేశాయో ఆ మనిషి పేరుతో చెప్పు.

అయినా వద్దంటే? అప్పుడు ఈ అక్టోబరు పోతుంది. బాధే, కానీ మళ్లీ అప్లై చేయొచ్చు, ఈలోగా ఒక ఏడాది ఉద్యోగం చేసి జర్మన్‌లో తర్వాతి మెట్టు బీ1 దాటించు, చేతిలో కొంత డబ్బూ ఉంటుంది. నిశ్చితార్థం మాత్రం ఆ గొడవ చల్లార్చడం కోసం ఒప్పుకోవద్దు. సీటు పోతే మళ్లీ తెచ్చుకోవచ్చు, తాంబూలాలు మార్చుకున్నాక వెనక్కి రావడం నీకూ ఆ అబ్బాయికీ ఇద్దరికీ నష్టం. ఇక మధ్యలో ఏ కన్సల్టెన్సీ వాడైనా "జర్మనీ ఎందుకమ్మా, తాకట్టు లేకుండా నలభై లక్షలిప్పిస్తాం, అమెరికా వెళ్లు" అంటే ఒకటి గుర్తుంచుకో, జర్మనీ ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు వాళ్లకు కమిషన్ ఇవ్వవు.

ఈ ఆదివారం ఒక తెల్లకాగితం తీసి ఎడమవైపు ఖర్చులన్నీ నువ్వు రాయి, వడ్డీతో సహా. కుడివైపు ఖాళీగా వదిలెయ్. తోటకు పోయేటప్పుడు పెన్ను కూడా తీసుకెళ్లు. ఆ ఖాళీలో నాన్న ఒక్క అంకె రాసినా, కొట్టేసినా, ఏం రాశాడో నాకు మళ్లీ ఉత్తరం రాయి.