హొకుసాయ్ అల పజిల్‌లో ఆకాశం కుదరకపోతే ఏం చేయాలి?

జపాన్ చిత్రకారుడు హొకుసాయ్ బొమ్మ ‘కనగావా పెద్ద అల’ 1000 ముక్కల పజిల్‌లో పడవలు, అల పూర్తయ్యాయి, ఆకాశం దగ్గర ఆగిపోయాను, ఏం చేయాలి అని ఒకరు అడిగారు. ముందు చుట్టూ అంచు కట్టేయాలన్న అలవాటే ఇక్కడ దెబ్బతీస్తుంది. పెట్టెలో 38 × 27 ముక్కలున్నా, 40 × 25 ఉన్నా అంచువి 126. వాటిలో పై వరుసవన్నీ ఒకే రంగు కావడంతో తప్పు ముక్క కూడా సరిగ్గా పట్టినట్టే ఉంటుంది. పై అంచు విప్పేయండి. కింది అంచు నీలం, దాని జోలికి పోవద్దు.

1831 ప్రాంతంలో వచ్చిన ఈ బొమ్మ చెక్క అచ్చులతో వేసింది. మన మచిలీపట్నం కలంకారీలాగే గీతలకో అచ్చు, రంగులకు వేరే అచ్చులు. అందుకే గీత ఉన్న ముక్క ఇట్టే దొరుకుతుంది, గీత లేనిది ఏడిపిస్తుంది. ఆకాశంలో సాయం చేసేది ‘బొకాషి’. అంటే అచ్చు మీద రంగును చేత్తో పలచబరచడం. బొమ్మలో దూరంగా కనిపించే ఫుజీ కొండ వెనక ముదురు బూడిద రంగు పైకి పోయేకొద్దీ లేతవుతుంది. ముక్కల్ని పగటి వెలుగులో ముదురు నుంచి లేతకు వరుసగా పేర్చండి. పోలిక పెట్టె మీది బొమ్మతోనే చూడండి, నెట్‌లో ఫొటోతో వద్దు. చేత్తో వేసిన రంగు కాబట్టి ఏ రెండు ప్రతులూ ఒకేలా ఉండవు. దానికితోడు కొందరు తయారీదార్లు నీలాన్ని మరీ దట్టం చేస్తారు, అంచులు కత్తిరిస్తారు. అంత మంచి బొమ్మకు అది అన్యాయం.

తర్వాత ఒక్కో ఛాయలో బొడిపెల లెక్కన ఆరు కుప్పలు పెట్టండి: నాలుగు, మూడు, ఎదురెదురుగా రెండు, పక్కపక్కన రెండు, ఒకటి, అసలు లేనివి. బొమ్మలో ఎడమ పైమూల పేరు రాసిన గడి నుంచి, అల కొస నుంచి, ఫుజీ నుంచి బయటికి కట్టుకుంటూ రండి. తెల్ల చుక్క ఒక్కటున్నా అది నురగ తుంపర, అల కొస దగ్గరలోదే. ముందున్న చిన్న అల కూడా ఫుజీ ఆకారంలోనే ఉంటుంది, ఆ ముక్కలు కలిసిపోకుండా చూసుకోండి.

అనుమానం వస్తే రెండు ముక్కల్నీ జతగా ఎత్తి దీపానికి ఎదురుగా పట్టండి. అతుకులోంచి వెలుగు గీత కనిపిస్తే ఆ జత తప్పు. దాన్ని అలాగే వదిలేస్తే నాలుగైదు ముక్కల తర్వాత వరుస వంకరపోతుంది, అప్పుడు తప్పెక్కడో పట్టుకోవడం కష్టం.

ఈసారి కొంటే జపాన్ తయారీ 300 ముక్కలది, 26 × 38 సెంటీమీటర్లది చూడండి. అసలు ముద్రణ కూడా దాదాపు అంతే, కాబట్టి గీతలు హొకుసాయ్ అనుకున్న మందంలోనే కనిపిస్తాయి. 50 × 75 సైజుకు పెంచితే ఖాళీ ఆకాశం కూడా దాదాపు నాలుగు రెట్లవుతుంది.