స్విచ్ వేసినప్పుడు ఒక లెక్క, తీసినప్పుడు ఇంకో లెక్క

మీ సర్క్యూట్ ఇది: 9 వోల్టుల బ్యాటరీ, స్విచ్, సిరీస్‌లో 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్, తర్వాత 1000 మైక్రోఫారడ్‌ల కెపాసిటర్, దానికి ప్యారలల్‌గా 20 కిలో ఓమ్‌ల రెసిస్టర్. 10 కిలో ఓమ్‌లను 1000 మైక్రోఫారడ్‌లతో గుణించి టైమ్ కాన్‌స్టాంట్ (మొదటి వేగమే కొనసాగితే చివరి వోల్టేజికి చేరడానికి పట్టే సమయం) 10 సెకన్లని లెక్కేశారు. ఛార్జ్ అంతకన్నా త్వరగా ఎక్కుతోంది, స్విచ్ తీశాక దిగడానికి మాత్రం చాలాసేపు పడుతోంది, కెపాసిటర్ పాడైందా అని అడిగారు.

పాడవలేదు. చదువుకునే రోజుల్లో దాదాపు ఇదే సర్క్యూట్‌తో నేనూ ఒక సాయంత్రమంతా తంటాలు పడ్డాను. కెపాసిటర్ మార్చి చూశాను, మళ్లీ అదే. ఎలక్ట్రోలిటిక్ రకం కెపాసిటర్ కదా, విలువలో 20 శాతం తేడా మామూలే అని సర్దిచెప్పుకున్నాను. కానీ విలువలోనే తేడా ఉంటే ఎక్కడం, దిగడం రెండూ ఒకేలా మారాలి. ఒకటి తగ్గి, ఇంకోటి పెరగదు. అది తట్టాక కెపాసిటర్‌ని వదిలేసి లెక్క తిరగేశాను.

స్విచ్ వేసిన క్షణం చూడండి. కెపాసిటర్ ఖాళీగా ఉంది, దాని వోల్టేజి ఉన్నట్టుండి మారడం కుదరదు, కాబట్టి ఇంకా సున్నానే. అందుకే ఆ క్షణానికి అది ఉత్త తీగ ముక్కలా ఉంటుంది. 20 కిలో ఓమ్‌ల రెసిస్టర్ మీద కూడా సున్నా వోల్టులే, అందులో కరెంటు లేదు. మొత్తం 9 వోల్టులూ 10 కిలో ఓమ్‌ల మీదే పడి, 0.9 మిల్లీ ఆంపియర్లు నేరుగా కెపాసిటర్‌లోకి వెళ్తాయి. అంటే సెకనుకు 0.9 వోల్టుల చొప్పున ఎక్కడం మొదలవుతుంది.

కానీ అది చేరాల్సింది 9 వోల్టులకు కాదు. కెపాసిటర్ నిండాక అందులోకి కరెంటు వెళ్లదు, రెండు రెసిస్టర్లూ 9 వోల్టులను 10కి 20 నిష్పత్తిలో పంచుకుంటాయి. కెపాసిటర్ మీద నిలిచేది 6 వోల్టులు. 6ని 0.9తో భాగించండి: 6.7 సెకన్లు. మీ టైమ్ కాన్‌స్టాంట్ అదే. వేగం మొదట్లో మీరు అనుకున్నదే, గమ్యమే దగ్గరికి వచ్చింది. (రెండు రెసిస్టర్లనూ ప్యారలల్‌గా లెక్కేసి కెపాసిటర్ విలువతో గుణించినా ఇదే వస్తుంది. నాకు మాత్రం ఈ దారిలోనే అర్థమైంది.)

మీటర్ పెట్టి గమనించండి. మొదట అంకెలు పరుగెత్తుతాయి, నిండేకొద్దీ నెమ్మదిస్తూ 6.7 సెకన్లకు 3.8 దగ్గర ఉంటాయి, ఆ తర్వాత 5.9 దాటాక ఒక్కో అంకె మారడానికి ఎదురుచూడాల్సి వస్తుంది. దాదాపు 33 సెకన్లకు, అంటే ఐదు టైమ్ కాన్‌స్టాంట్లకు, 99 శాతం నిండుతుంది.

ఇక స్విచ్ తీస్తే బ్యాటరీ, 10 కిలో ఓమ్‌లు రెండూ ఆటలోంచి తప్పుకున్నట్టే. మిగిలిన ఒకే దారి 20 కిలో ఓమ్‌లది. 6 వోల్టులకు అందులో 0.3 మిల్లీ ఆంపియర్లే పారతాయి, సెకనుకు 0.3 వోల్టులతో దిగడం మొదలవుతుంది. 6ని 0.3తో భాగిస్తే 20 సెకన్లు. అప్పటికి మీటర్‌లో 2.2 వోల్టులు కనిపించాలి.

20 కిలో ఓమ్‌లు తీసేసి చూడాలనుకుంటే ఒక జాగ్రత్త. స్విచ్ తీశాక కెపాసిటర్‌కి దిగే దారి మీ మీటరూ, కెపాసిటర్ లోపలి లీకేజీనే (లోపల్నించే మెల్లగా కారిపోయే కరెంటు). చాలా డిజిటల్ మీటర్లు సుమారు 10 మెగా ఓమ్‌లు ఉంటాయి, కాబట్టి చాలాసేపు ఛార్జ్ అలాగే నిలిచి ఉంటుంది. మళ్లీ కొలిచే ముందు ఒక రెసిస్టర్‌తో కెపాసిటర్‌ని పూర్తిగా ఖాళీ చేయండి, లేకపోతే సున్నా నుంచి మొదలవదు.