కొత్త వెర్షన్ పక్కన పెట్టుకోండి, పాతది తీసేయకండి

ప్రశ్న: సార్, మాది తిరుపతి, ఎంసీఏ చివరి సెమిస్టర్. తోతాపురి మామిడి రైతులకి మండీ ధరలు, తూకాల లెక్క చూపించే ఆండ్రాయిడ్ యాప్ చేస్తున్నాం. యాప్‌లు తయారుచేసే గూగుల్ సాఫ్ట్‌వేర్ ఆండ్రాయిడ్ స్టూడియో రాబోయే వెర్షన్‌లో కొత్త ఫీచర్లు బాగున్నాయని ఫ్రెండ్స్ అప్పుడే కెనరీ వెర్షన్ వేసుకున్నారు. నా ల్యాప్‌టాప్ 8 జీబీ ర్యామ్. నేనూ మారిపోవచ్చా? ప్రాజెక్టు రివ్యూ దగ్గర పడింది, టెన్షన్‌గా ఉంది.

జవాబు: మారిపోవద్దు, పక్కన పెట్టుకోండి. కెనరీ అంటే ఇంకా తయారవుతున్న వెర్షన్. దాని జిప్ ఫైలు దించుకుని వేరే ఫోల్డర్‌లో విప్పి నడిపితే మీరు ఇప్పుడు వాడే స్టేబుల్, అంటే పూర్తయి విడుదలైన వెర్షన్ జోలికి రాదు, సెట్టింగులు కూడా విడివిడిగానే ఉంటాయి. అసలు చిక్కు ప్రాజెక్టుతోనే. కెనరీలో తెరిచాక కోడ్‌ని యాప్‌గా మార్చే గ్రేడిల్ ప్లగిన్‌ని అప్‌గ్రేడ్ చేయమంటుంది, మీరు తొందరలో సరే అని నొక్కారంటే అదే ప్రాజెక్టు మళ్ళీ పాత స్టూడియోలో తెరుచుకోకపోవచ్చు. రివ్యూ ముందు ఆ తలనొప్పి మీకెందుకు? ఫోల్డర్ మొత్తం కాపీ తీసి, ఆ కాపీని మాత్రమే కెనరీలో తెరవండి.

ఇక ర్యామ్. స్టూడియో ఒక్కటే అయితే 8 జీబీతో నెట్టుకురావచ్చు, ఎమ్యులేటర్, అంటే కంప్యూటర్‌లోనే నడిచే నకిలీ ఫోన్ కూడా కావాలంటే 16 ఉండాలని గూగులే చెబుతోంది. కాబట్టి ఎమ్యులేటర్ వదిలేసి మీ ఫోన్‌నే కలపండి. ఆండ్రాయిడ్ 11 గానీ ఆ పైది గానీ ఉన్న ఫోనైతే కేబుల్ కూడా అక్కర్లేదు, క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే వైఫైలో కలుస్తుంది, ఫోన్ స్క్రీన్ స్టూడియోలోనే కనిపిస్తుంది. రెండు వెర్షన్లూ ఒకేసారి మాత్రం తెరిచి పెట్టకండి.

ఫీచర్ల జాబితా చూసి మురిసిపోవడం కాదు, మీరు రోజూ చేసే పని, అంటే బిల్డ్ కొట్టడం (కోడ్‌ని యాప్‌గా మార్చడం), ఎర్రర్ ఎక్కడుందో పట్టుకోవడం, స్క్రీన్ సరిచూసుకోవడం తేలికైందా లేదా అన్నదే చూడండి. మీ యాప్ రైతులది కాబట్టి నాకు ముఖ్యమనిపించేది ఇంకొకటుంది. యాప్ స్క్రీన్ ఎలా ఉంటుందో స్టూడియోలోనే చూపించే కంపోజ్ ప్రివ్యూలో లొకేల్ (భాష సెట్టింగ్) తెలుగుకి మార్చి ప్రతి స్క్రీనూ చూడండి, ఇంగ్లిష్‌లో సరిపోయిన బటన్‌లో తెలుగు మాట సగానికి తెగిపోతుంటుంది. చిత్తూరు వైపు తమిళం చదివే రైతులూ ఉన్నారు, తమిళంలోనూ చూస్తే ఇంకా మంచిది. ఇందుకు కెనరీ అక్కర్లేదు, ఇప్పటి స్టేబుల్‌లోనే ఉంది, కానీ చాలామంది దాన్ని ముట్టుకోరు.

ప్రశ్న: చిత్తూరులో కంప్యూటర్ సెంటర్ నడుపుతున్నాను. ఆండ్రాయిడ్ స్టూడియోలో గూగుల్ ఏఐ జెమినైయే కోడ్ రాసేస్తుంటే పిల్లలకి నేర్పేదెలా?

జవాబు: మొదలుపెట్టిన పిల్లలకి వద్దండీ. గూగుల్ అకౌంట్‌తో లాగిన్ కాకపోతే జెమినై పనిచేయదు, కాబట్టి ల్యాబ్ సిస్టమ్‌లలో లాగిన్ చేయించకండి. మామూలు ఆటోకంప్లీట్ ఎలాగూ పనిచేస్తుంది. లూపులు, ఫంక్షన్లు సొంతంగా రాయడం వచ్చాక అప్పుడు తెరిచి, యాప్ క్రాష్ అయినప్పుడు ఆ ఎర్రర్‌ని వివరించమని అడగడం నేర్పండి.