పాఠకుల ప్రశ్నలు: బోరులో ఉప్పు, చేలో తెట్టు

ప్రశ్న: మా కొబ్బరితోట పక్కనే గ్యాస్ బావి ఉంది. కొన్నేళ్లుగా బోరు నీళ్లు ఉప్పెక్కి మట్టలు ఎండుతున్నాయి. అడిగితే "అది సముద్రపు ఉప్పు" అంటున్నారు. ఎలా తేల్చుకోవాలి?
– ఒక రైతు, రాజోలు ప్రాంతం

జవాబు: నాలుకకు ఏ ఉప్పయినా ఒకటే గానీ, ల్యాబులో తేడా తెలుస్తుందండీ. కోనసీమలో బోరుకు ఉప్పు మూడు వైపుల నుంచి రావచ్చు: సముద్రపు పోటు, రొయ్యల చెరువులు, గ్యాసుతో పాటు భూమి లోపలి నుంచి పైకి వచ్చే ఉప్పునీరు. క్లోరైడ్ ఒక్కటే చూపిస్తే ఏదో తేలదు. సల్ఫేట్, బేరియం కూడా చూడమనండి.

సముద్రపు నీటిలో లీటరుకు క్లోరైడ్ సుమారు 19,400 మిల్లీగ్రాములు, సల్ఫేట్ 2,700 ఉంటాయి. అంటే దాదాపు ఏడుకు ఒకటి. మంచినీళ్లు కలిసి పలచబడినా ఈ లెక్క పెద్దగా మారదు. చమురు పొరల నీళ్లలో సల్ఫేట్ సాధారణంగా బాగా తక్కువ. అందుకే వాటిలో బేరియం కరిగి నిలుస్తుంది. సల్ఫేట్ ఉంటే రెండూ కలిసి తెల్లటి మడ్డిగా అడుగుకు దిగిపోతాయి. క్లోరైడ్ ఎక్కువగా ఉండి, సల్ఫేట్ దాదాపు లేక, బేరియం కనిపిస్తే గ్యాస్ బావి నీటిని అనుమానించాలి. అయితే మడ నేలల్లో, చెరువు అడుగు బురదలో బాక్టీరియా కూడా సల్ఫేట్‌ను హరిస్తుంది. కాబట్టి సల్ఫేట్ తగ్గిందన్న ఒక్క కారణంతో ఎవరినీ నిందించకండి. బావికి దూరంగా, అదే లోతున్న ఇంకో బోరు నీళ్లు కూడా పంపండి.

శాంపిల్ దగ్గరే చాలా కేసులు పాడవుతాయి. బోరును కాసేపు వదిలి, పైపులో నిలవనీరు పోయాక పట్టాలి. బేరియం పరీక్షకు నీళ్లు ముందు వడకట్టాలి, ఆ తర్వాతే యాసిడ్ వెయ్యాలి. ఎందుకంటే గ్యాస్ బావి తవ్వే రిగ్గులో వాడే బురదలో (డ్రిల్లింగ్ మడ్) బరువు కోసం ముగ్గురాయి పొడి కలుపుతారు (మన మంగంపేటలో దొరికేదే). అది బేరియం సల్ఫేట్; దాని నలుసులు నీళ్లలో ఉండిపోతే లెక్క తప్పుతుంది. నూనె పరీక్షకు గాజు సీసానే వాడాలి. ప్లాస్టిక్ గోడకు నూనె అంటుకుపోతుంది. ఆ సీసాను అదే నీళ్లతో తొలవకండి, నేరుగా పట్టి, ఐసు పెట్టెలో పంపండి.

ప్రశ్న: వరిచేలో నిలిచిన నీటి మీద రంగురంగుల తెట్టు కడుతోంది. పైపులైను లీకయిందేమోనని భయంగా ఉంది.

జవాబు: పుల్లతో కదిపి చూడండి. పెంకుల్లా పలకలుగా విరిగి, మళ్లీ అతుక్కోకపోతే అది చాలావరకు ఇనుము తినే బాక్టీరియా పొర. నీరు నిలిచే చేలల్లో మామూలే. పుల్ల పోయిన దారిని మళ్లీ మూసుకుంటూ సాగితే నూనె. అప్పుడు ముందు ఆ మడి నీళ్లు పక్క మడికి పోకుండా గట్టు కట్టేసి, తర్వాత ఫిర్యాదు చేయండి. పెట్రోలు వాసన కూడా వస్తుంటే మోటారు స్విచ్ జోలికి పోకుండా, గాలి వచ్చే వైపుకు నడిచి 112కు ఫోన్ చేయండి.

ప్రశ్న: ఈ గ్యాస్ బావులను పర్యవేక్షించేది ఎవరు? మాకు చూడగల కాగితాలేమిటి?

జవాబు: ఉత్పత్తి బావులకు కేంద్ర పర్యావరణ శాఖ అనుమతి, రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి సమ్మతి రెండూ కావాలి. భూమి మీదికి వదిలే నీటిలో లీటరుకు క్లోరైడ్ 600, నూనె, గ్రీజు 10 మిల్లీగ్రాములు దాటకూడదు. 2020 జనవరిలో అన్వేషణ బావులను (గ్యాసు, చమురు ఉన్నాయో లేదో చూడటానికి తవ్వేవి) పర్యావరణ అనుమతుల్లో బీ-2 అనే వర్గంలోకి మార్చారు. దాంతో వాటికి ప్రజాభిప్రాయ సేకరణ లేకుండా పోయింది. ఇది తప్పని మా గట్టి అభిప్రాయం. 1995 జనవరిలో కోనసీమలోని పాశర్లపూడి గ్యాస్ బావి తవ్వుతుండగానే బద్దలైంది; మంట ఆర్పేసరికి మార్చి వచ్చింది. తవ్వే దశలోనే ఊరి మాట వినాలి.

అనుమతి షరతులు ఎంతవరకు పాటించారో ఏటా జూన్ 1, డిసెంబర్ 1 తేదీల్లో కంపెనీ నివేదిక ఇవ్వాలి. అది ఎవరైనా చూడదగ్గ పత్రమే. పరివేష్ పోర్టల్‌లో (పర్యావరణ అనుమతుల కేంద్ర వెబ్‌సైటు) దొరక్కపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. అంతకంటే విలువైనది పర్యావరణ ప్రభావ నివేదిక. అందులో అనుమతికి ముందు చుట్టుపక్కల ఊళ్ల బోరు నీళ్లలో క్లోరైడ్ ఎంతుందో పట్టిక ఉంటుంది. మీకు దగ్గరి ఊరి వరుస జిరాక్సు తీసి, మీ ల్యాబు రిపోర్టుతో కలిపి మండలి ప్రాంతీయ కార్యాలయంలో ఇచ్చి, రసీదు తీసుకోండి.