వరి ప్రమాణాలు రాయబోతున్న అమ్మాయికి

అమ్మాయీ, ఆశీస్సులు.

భారతీయ ప్రమాణాల సంస్థ తయారుచేస్తున్న జాతీయ వ్యవసాయ కోడ్‌లో, అంటే సాగు పనులకు పెట్టే ప్రమాణాల పుస్తకంలో, వరి బృందానికి నిన్ను తీసుకున్నారని తెలిసి సంతోషించాను. ఏం చదవాలని అడిగావు. చదవాల్సినవి నాకన్నా నీకే బాగా తెలుసు. రాసేటప్పుడు ఏం చూసుకోవాలో మాత్రం చెబుతాను.

ఆ సంస్థకు వస్తువుల మీద రాయడం అలవాటు. సిమెంటునైనా కుక్కర్‌నైనా ల్యాబ్‌లో పెట్టి తేల్చేయొచ్చు. 1970లో వచ్చిన భవన నిర్మాణ కోడ్‌ను పాటించడానికి ఇంజనీరు, ప్లాను, మునిసిపల్ అనుమతి ఉన్నాయి. పొలం దగ్గర అవేవీ ఉండవు. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం మన దేశంలో సగటు కమతం 1.08 హెక్టార్లు, అందులోనూ చాలాచోట్ల సాగు చేసేది కౌలుదారు. అందుకని ప్రతి నిబంధన రాశాక రెండు ప్రశ్నలు వేసుకో. ఇది రైతు చేతిలో ఉన్న పనేనా? చేశాడో లేదో ఎవరు, దేన్ని చూసి చెప్పగలరు?

నీళ్ల దగ్గరే ఈ చిక్కంతా కనబడుతుంది. ఆరుతడి పద్ధతి మంచిదే. చిల్లుల గొట్టం పాతి, నీటిమట్టం నేలకు 15 సెంటీమీటర్ల దిగువకు చేరాక మళ్లీ తడి పెట్టి, పూత దశలో మాత్రం నీరు నిలిపితే దిగుబడి తగ్గదు. బోరు కింద రైతుకు ఇది సాధ్యమే, కరెంటు వేళలు కలిసొస్తే. కాలువ కింద వంతులవారీగా నీళ్లొచ్చేచోట, పై చేలోంచి కింది చేలోకి నీరు పారే చోట, ఒక్క రైతు తన మడిని ఆరబెట్టలేడు. ఆ నియమం నీటి సంఘానికో, కాలువ అధికారికో రాయాలి. బోరుకూ కాలువకూ ఒకే వాక్యం రాశావంటే చివరి భూముల రైతు ఏ తప్పూ చేయకుండానే నాణ్యత లేనివాడైపోతాడు.

నాట్లూ అంతే. చదరపు మీటరుకు ఎన్ని కుదుళ్లుండాలో నువ్వు రాస్తావు, ఎకరానికి ఇంతని గుత్తకు తీసుకున్న నాట్ల కూలీల ముఠా తన తొందర కొద్దీ నాటేసి పోతుంది.

పురుగుమందుల అధ్యాయంలో అవశేషాల పరిమితుల అంకెల్ని అనుబంధంలో పట్టికగా పెట్టించు. 2017లో ఐరోపా సమాఖ్య బియ్యంలో ట్రైసైక్లజోల్ అనే తెగులు మందు అవశేషాల పరిమితిని కిలోకు 1 మిల్లీగ్రాము నుంచి 0.01కు దించింది, బాస్మతి ఎగుమతిదారులు గగ్గోలు పెట్టారు. అగ్గి తెగులుకు ఆ మందు కొట్టే రైతుకు డబ్బా మీద ఆ అంకె కనిపించదు. అతనికి పనికొచ్చేది చివరి మందు కొట్టాక కోతకు ఎన్నాళ్లు ఆగాలన్న లెక్క. కొనేవాళ్ల పరిమితి మారినప్పుడల్లా మొత్తం కోడ్‌ను తిరగరాయక్కర్లేకుండా ఆ పట్టిక ఒక్కటే మార్చుకునే వీలుండాలి.

కోత తర్వాత తేమ సంగతి. కొనుగోలు కేంద్రంలో 17 శాతం దాటితే ఒప్పుకోరు. మిషన్‌తో కోసిన ధాన్యంలో తేమ అంతకన్నా ఎక్కువే ఉంటుంది. ఆరబెట్టమని రైతుకు రాయడం తేలిక. ఆరబోసే కల్లాలు, పట్టాలు ఎవరిస్తారో, తేమ మీటర్లను ఎన్నాళ్లకోసారి సరిచూడాలో కూడా రాయి. నన్నడిగితే ఆ మీటరు నిబంధనే ముందు రాయాలి. తేమ పేరుతో తూకంలో కోసే తరుగు గొడవల్లో సగం దాని దగ్గరే పుడతాయి.

రికార్డులు పంటకు ఒక్క పేజీ దాటనివ్వకు. అవి సాగు చేసినవాడి పేరు మీద ఉండాలి, పాసు పుస్తకం ఎవరిదైనా సరే. దీనికి బృందంలో అడ్డు చెప్పేవాళ్లుంటారు, తగ్గకు.

ఇదంతా స్వచ్ఛందమే కదా అని ఎవరైనా తేలిగ్గా తీసుకుంటే నమ్మకు. ప్రభుత్వం ఉత్తర్వు ఇస్తే తప్ప ప్రమాణం తప్పనిసరి కాదన్నది నిజమే. కానీ రేపు ఏ బ్యాంకో, ఏ కంపెనీయో దాన్ని షరతుగా పెడితే రైతుకు ఆ తేడా మిగలదు.

ముసాయిదాను అభిప్రాయాలకు పెట్టేముందు తెలుగులో రాయించి, ఇద్దరు కౌలు రైతులకు, ఒక నాట్ల ముఠా మేస్త్రికి చదివి వినిపించు. నీళ్ల అధ్యాయం మాత్రం ముందు నాకు పంపు, మిగతావి తీరిగ్గా చూస్తాను.