చలికాలం పొద్దున అడవిలో పిట్టలు కనిపించట్లేదా? కాస్త నడక తగ్గించి చూడండి

"చలికాలంలో పొద్దున్నే అభయారణ్యానికి వెళ్ళాం, గంటసేపు నడిచినా చెప్పుకోదగ్గ పిట్ట ఒక్కటీ కనబడలేదు. ఇంకా చీకటితోనే వెళ్ళాలా?" అని అడిగారు. అక్కర్లేదు. మీరు నిద్ర చెడగొట్టుకున్నా పెద్ద తేడా ఉండదు.

గూళ్ళు పెట్టే కాలంలో ఒక్కో జంట తన హద్దు తాను కాచుకుంటుంది. అందుకే అప్పుడు నడిచేకొద్దీ కొత్త పిట్ట తగులుతుంది. చలికాలంలో చాలా అడవి పిట్టలు ఆ హద్దుల సంగతి పక్కనబెట్టి, వేర్వేరు జాతులవి కలిసి ఒకే గుంపుగా మేస్తూ తిరుగుతాయి. బర్డింగ్ చేసేవాళ్ళు దీన్నే మిక్స్‌డ్ ఫ్లాక్ అంటారు. గుంపు లేని చోట అడవి బోసిగా ఉంటుంది. అది వచ్చిందా, ఎటు చూడాలో తెలియదు. ఒకే చెట్టులో ఒకటి కొమ్మ చివర్న, ఇంకొకటి మాను మీద, మరొకటి కింద పొదలో. మేసే చోటు వేరు కాబట్టి వాటికి తగువులు తక్కువ. పైగా అన్ని కళ్ళు కాపలా ఉంటే డేగ వస్తున్న సంగతి ఎవరో ఒకరికి ముందే తెలుస్తుంది.

ఏట్రింతలు (పసులపోలిగాడి జాతి) ఉన్న అడవుల్లో అయితే తమాషాగా ఉంటుంది. మిగతా పిట్టలు కదిలించిన పురుగుల్ని ఇది గాల్లోనే పట్టేస్తుంది, డేగ కనిపిస్తే అరిచి హెచ్చరిస్తుంది. ఆఫ్రికాలో ఉండే ఒక జాతి అయితే అప్పుడప్పుడు ఉత్తుత్తి హెచ్చరిక చేసి, మిగతావి బెదిరి వదిలేసిన తిండి ఎత్తుకుపోతుంది! నేను మాత్రం ఏట్రింత గోల వినబడితే చాలు, మిగతావి పక్కనే ఉంటాయని అటు నడుస్తాను.

ఇక టైము. చిన్న పిట్టలు ఒంట్లో దాచుకున్న కొవ్వును రాత్రంతా ఖర్చుచేసి తెల్లారేసరికి ఆకలితో ఉంటాయి. కానీ ఎండ తగిలేదాకా పురుగులు పెద్దగా కదలవు. అందుకే మంచు పట్టిన పొద్దుటి పూట నాకు ఎక్కువ పిట్టలు కనిపించింది సూర్యుడు కాస్త పైకొచ్చాకే, అదీ తొలి ఎండ పడే అడవి అంచున. ఎండ వీపుకు తగిలేలా అక్కడ నిలబడండి. ఎదురుగా నిలబడితే పిట్టలన్నీ నల్లగానే కనిపిస్తాయి.

మొదట చెవులకే పని. కలిసి తిరిగే చిన్న పిట్టలు ఒకదాన్నొకటి తప్పిపోకుండా సన్నగా అరుచుకుంటూ ఉంటాయి. అది వినబడగానే బైనాక్యులర్ ఎత్తకండి. గాలికి కాకుండా విడిగా కదిలే ఆకు ఎక్కడుందో మామూలు కళ్ళతో చూసి, చూపు దానిమీదే ఉంచి బైనాక్యులర్‌ను కళ్ళ దగ్గరికి తెచ్చుకోండి. గుంపు వెనక పడితే తోకలే కనిపిస్తాయి. అది ఎటు పోతోందో అంచనా వేసి, బాట మీదే కాస్త ముందుకెళ్ళి ఆగండి. గుంపు దాటిపోయిందని వెంటనే కదలకండి, వెనకబడి వచ్చేవి ఉంటాయి. నాకు వడ్రంగి పిట్టలు చాలాసార్లు అలాగే దొరికాయి.

బైనాక్యులర్ కొనేట్టయితే అడవికి 8×42 (8 రెట్లు పెద్దగా చూపేది, ముందు అద్దం వెడల్పు 42 మిల్లీమీటర్లు) తీసుకోండి. 10×42లో కంటికి చేరే వెలుగు వలయం 4.2 మిల్లీమీటర్లు, 8×42లో 5.25. చెట్ల నీడలో ఆ తేడా బాగా తెలుస్తుంది. చూసే మేర కూడా సాధారణంగా ఎక్కువ ఉంటుంది కాబట్టి గెంతే పిట్ట తొందరగా తప్పిపోదు.

కూత విని పేరు చెప్పే మెర్లిన్ యాప్ నేనూ వాడతాను, కానీ పిట్టను చూడకుండా లిస్టులో రాసుకోను. కొన్ని ఏట్రింతలు ఇతర పిట్టల కూతల్ని అచ్చం దింపేస్తాయి, యాప్ బోల్తా పడొచ్చు. ఫోన్‌లో కూతలు పెట్టి పిట్టల్ని పిలవడం మాత్రం వద్దు. పగలు తక్కువగా ఉండే రోజుల్లో మేయాల్సిన సమయం కాస్తా మీ ఫోన్ చుట్టూ తిరగడానికే పోతుంది. చాలా అభయారణ్యాల్లో దానికి అనుమతి కూడా ఉండదు.